నోటిఫికేషన్లు ఆపినా చెయ్యి ఫోన్ మీదికే పోతోందా? సమస్య – పరిష్కారం

నోటిఫికేషన్లు ఆపడం, యాప్ తీసేయడం, పడకగదిలోకి ఫోన్ తీసుకువెళ్ళకపోవడం వంటివి మీకు తెలిసినవేనని, వాటిలో కొన్నింటిని ప్రయత్నించి విసిగిపోయారని అనుకునే ఇది రాస్తున్నాను. బంధువులకూ సహోద్యోగులకూ ఈ తలనొప్పి తీర్చే పని చాలాకాలంగా నా మీదే పడుతోంది. వచ్చినవారు దాదాపు అందరూ వదిలేసే పరీక్ష ఒకటే. అది చూడకుండా ఏ సెట్టింగ్ మార్చినా చీకట్లో రాయి వేసినట్లే.

ఫోన్ వాడకాన్ని లెక్కగట్టి చూపించే ఏర్పాట్లు, ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అనే పేర్లతో 2018 నుంచి ఉన్నాయి. వాటిని తెరిచినవారు కూడా "రోజుకు నాలుగు గంటలా!" అని నిట్టూర్చి మూసేస్తారు. గంటల లెక్క రోగం ఉందని చెబుతుందే తప్ప ఏ రోగమో చెప్పదు. ఆండ్రాయిడ్ డాష్‌బోర్డ్‌లో స్క్రీన్ సమయం పక్కనే, ఏ యాప్‌ను ఎన్నిసార్లు తెరిచారో చూపించే లెక్క మరొకటి ఉంటుంది. ఐఫోన్‌లో అయితే ఫోన్ ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నారో, తీసుకోగానే మొదట ఏ యాప్‌లోకి వెళ్ళారో కనిపిస్తుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసిన తరువాతే కింది వాటిలో మీది ఏదో తేల్చుకోండి.

లక్షణం: తెరిచింది కొద్దిసార్లే, కానీ తెరిచిన ప్రతిసారీ గంట గడిచిపోతోంది

కారణం రీల్స్, షార్ట్స్ అని మీకూ తెలుసు. 2020 జూన్ చివర మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, ఆ సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. వాటికి ముగింపు అనేది ఉండదు కాబట్టి, ఆగవలసిన చోటును మనమే బయటినుంచి పెట్టుకోవాలి. యాప్‌కు టైమర్ పెట్టండి. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీని ఆపి, ఇంతకుముందు చూసినవాటిని కూడా తుడిచేస్తే, 2023 నుంచి హోమ్ పేజీలో సిఫార్సులు రావడం దాదాపుగా ఆగిపోతుంది. అప్పుడు పప్పుచారు ఎలా పెట్టాలో వెతుక్కుని, చూసి, బయటికి రాగలుగుతారు. ఇన్‌స్టాగ్రామ్ యాప్ తీసేసి అదే పనిని క్రోమ్‌లో చేసేవారు మాత్రం డాష్‌బోర్డ్‌లో క్రోమ్ వరుసను కూడా ఒకసారి చూడాలి. రాత్రి పన్నెండు దాటితే మిగిలిన డేటా పోతుందని పదకొండింటి నుంచి కూర్చుని దాన్ని ఖర్చుపెట్టే అలవాటు మీకుంటే, రీఛార్జ్ ప్యాక్ మార్చుకోండి. ఇది హాస్యానికి చెబుతున్నది కాదు, రోజువారీ డేటా ప్యాక్‌ల వల్ల నిద్ర చెడగొట్టుకున్నవారు నాకు తెలుసు.

లక్షణం: నోటిఫికేషన్లు లేవు, గంటలూ ఎక్కువ లేవు, కానీ పది నిమిషాలకోసారి ఫోన్ తెరుస్తున్నారు

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. డాష్‌బోర్డ్‌లో వాట్సాప్ మొత్తం సమయం కొద్దిగానే ఉంటుంది, తెరిచిన సంఖ్య మాత్రం ఆశ్చర్యపరుస్తుంది. తెరవడం, కొన్ని క్షణాలు చూడడం, మూయడం. ఇలాంటివారు గ్రూపులన్నీ మ్యూట్ చేస్తారు, ఫోన్‌ను నలుపు తెలుపులోకి మారుస్తారు, చివరికి మామూలు బటన్ ఫోన్ కొనాలని కూడా ఆలోచిస్తారు. ఏదీ పనిచేయదు, ఎందుకంటే వారు చూస్తున్నది ఇతరులు పెట్టినదాన్ని కాదు. తాము పెట్టినదాన్ని ఎవరెవరు చూశారో చూస్తున్నారు.

వాట్సాప్‌లో స్టేటస్ 2017లో వచ్చింది, పెట్టినది 24 గంటలు ఉంటుంది. దాన్ని తెరిచి కింద ఉన్న కంటి గుర్తును నొక్కితే చూసినవారి పేర్లు, పక్కనే ఎప్పుడు చూశారో ఆ సమయం వరుసగా వస్తాయి. ఒక సహోద్యోగి గృహప్రవేశం ఫోటోలు ఉదయాన్నే స్టేటస్‌లో పెట్టారనుకోండి. టిఫిన్ వేళకు ఆఫీసువాళ్ళు చూస్తారు, అది పెద్ద విషయం కాదు. పదకొండింటికి మేనమామ చూశారు, కానీ ఒక్క మాట రాయలేదు. పిలుపు అందలేదని మనసులో పెట్టుకున్నారా? తోడల్లుడి పేరు మధ్యాహ్నానికి కూడా జాబితాలో లేదు, ఆయన మాత్రం ఆన్‌లైన్‌లోనే కనిపిస్తున్నారు. ఇక ఆ రోజంతా ఫోన్ తెరవడానికి నోటిఫికేషన్ ఎందుకు? పెళ్ళిలో చదివింపుల పుస్తకాన్ని పందిట్లోనే గంటకోసారి తిరగేసినట్లుగా ఉంటుంది ఆ పని. 2024లో స్టేటస్‌కు లైక్ కొట్టే హృదయం గుర్తు కూడా రావడంతో, చూసి లైక్ కొట్టినవారు, చూసి కొట్టనివారు అని జాబితా ఇంకో మెట్టు పెరిగింది.

ఇది అంత సులభంగా దొరకకపోవడానికి కారణం ఉంది. ఎవరినైనా "సోషల్ మీడియా ఎక్కువగా వాడతారా?" అని అడిగితే, వాట్సాప్‌ను ఆ లెక్కలో చేర్చరు. అది పాలవాడి నంబరు, పిల్లల బడి గ్రూపు, ఆఫీసు పని ఉన్న యాప్. పైగా వారు ఇతరుల స్టేటస్‌లు పెద్దగా చూడరు కూడా, కాబట్టి తమకు ఆ అలవాటు లేదనే నిజంగా నమ్ముతారు. పుట్టినరోజుల సంగతి దీనికి తోడవుతుంది. వదినగారు మన పుట్టినరోజుకు ఫోటో పెట్టి శుభాకాంక్షలు చెప్పారు కాబట్టి ఆవిడ పుట్టినరోజుకు మనమూ పెట్టాలి, పెట్టాక ఆవిడ చూశారా లేదా అన్నది చూడాలి, ఆవిడ దాన్ని తన స్టేటస్‌లోకి తిరిగి తీసుకున్నారా అన్నది కూడా చూడాలి.

నిర్ధారించుకునే పద్ధతి తేలిక. రెండు రోజులు ఎక్కడా ఏమీ పెట్టకండి, వేరే ఏ సెట్టింగూ మార్చకండి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఆ రెండు రోజుల్లో వాట్సాప్ తెరిచిన సంఖ్య, స్టేటస్ పెట్టిన రోజుతో పోలిస్తే బాగా పడిపోతే కారణం దొరికినట్లే. పడిపోకపోతే ఈ భాగం మీది కాదు, కింది లక్షణాలకు వెళ్ళండి.

పరిష్కారం వాట్సాప్ సెట్టింగ్స్‌లో, ప్రైవసీ కింద ఉన్న రీడ్ రిసీట్స్‌ను ఆపడం. దీన్ని నీలి టిక్కులు కనబడకుండా చేసేదిగానే అందరూ ఎరుగుదురు. దాన్ని ఆపితే మీ స్టేటస్‌ను ఎవరు చూశారన్న జాబితా కూడా మీకు కనబడదన్నది చాలామందికి తెలియదు. ఇతరుల స్టేటస్ మీరు చూసినట్లు వారికీ తెలియదు. "నేను పంపిన మెసేజ్ నాన్నగారు చదివారో లేదో ఎలా తెలుస్తుంది మరి?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ముఖ్యమైన విషయమైతే నాన్నగారికి ఫోన్ చేయడమే మంచిది. మొదటి రెండు మూడు రోజులు అలవాటుకొద్దీ కంటి గుర్తు నొక్కుతూనే ఉంటారు. అక్కడ ఏమీ లేకపోవడంతో చెయ్యి తనంతట తానే వెనక్కి వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గ్రూపులకు ఈ సెట్టింగ్ వర్తించదు. కుటుంబ గ్రూపులో ఫోటో పెట్టి, దాన్ని నొక్కిపట్టి ఎవరు చదివారో చూసే అలవాటు మీకుంటే, పైన చెప్పిన మార్పు మీకు సగమే పనిచేస్తుంది. అలాంటప్పుడు ఆ ఫోటోను నిజంగా చూడవలసిన నలుగురికి విడివిడిగా పంపండి. వారి జవాబు వస్తుంది, మిగతావారి మౌనాన్ని లెక్కపెట్టే పని ఉండదు. ఇన్‌స్టాగ్రామ్‌లో లైక్‌ల సంఖ్యను దాచే వీలు 2021 నుంచి ఉన్నా, సొంత పోస్టుకు ఎవరు లైక్ కొట్టారో తెరిచి చూసుకునే దారి మీకు ఉండనే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్ముకోకండి. అక్కడ పోస్టు పెట్టిన వెంటనే లాగౌట్ అయి మరుసటి రోజు వెళ్ళడమే నేను చెప్పే మార్గం. పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టాలన్న బద్ధకమే అప్పుడు మీకు కాపలా.

లక్షణం: చూసిన తరువాత మనసు చికాకుగా ఉంటోంది

మీకు నచ్చనివాటి దగ్గర, కోపం తెప్పించేవాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నారు, కామెంట్లు చదువుతున్నారు. యాప్ లెక్కలో అది ఇష్టమే. చదవకుండా దాటేయండి, లేదా ఆసక్తి లేదని గుర్తు పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్‌లో సిఫార్సులను మొత్తంగా తుడిచి మొదటినుంచి మొదలుపెట్టే వీలు కూడా ఉంది. తుడిచిన వారంలోనే మళ్ళీ అదే గొడవల వీడియోల దగ్గర ఆగితే ఫలితం ఉండదు.

లక్షణం: గ్రూపుల మెసేజ్‌లు ఊపిరాడనివ్వడం లేదు

శాశ్వతంగా మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో వేయండి. 2021 నుంచి కొత్త మెసేజ్ వచ్చినా ఆర్కైవ్‌లో ఉన్నది పైకి రాదు. వెళ్ళిపోతే పెద్దమ్మ ఏమనుకుంటుందోనని భయపడేవారికి చెప్పేదేమిటంటే, 2022 నుంచి గ్రూపు వదిలితే అప్పటికప్పుడు తెలిసేది అడ్మిన్లకు మాత్రమే. ఆ అడ్మిన్ పెద్దమ్మే అయితే ఆర్కైవే శరణ్యం.

అరుదైనవి

జేబులో ఫోన్ మోగినట్లు అనిపించడం చాలామందికి ఉంటుంది, పట్టించుకోకండి. మైక్ ద్వారా మన మాటలు వింటున్నారన్న అనుమానం ఉంటే మైక్ అనుమతి తీసేసి ముందుకు వెళ్ళండి, ఫోన్ మాటిమాటికీ తెరవడానికి దానికి సంబంధం లేదు. పైవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర, ఉద్యోగం లేదా చదువు దెబ్బతింటూ, ఆపాలనుకున్నా ఆపలేకపోతున్నవారికి సెట్టింగ్‌లు చాలవు. కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, ఖర్చు ఉండదు, తెలుగులోనూ మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో సాంకేతికత అతివాడకానికి ప్రత్యేకంగా షట్ క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. అక్కడికి వెళ్ళేటప్పుడైనా, ఫోన్ చేసేటప్పుడైనా, డాష్‌బోర్డ్‌లోని ఆ రెండు అంకెలనూ ఒక వారానికి కాగితం మీద రాసి దగ్గర పెట్టుకుంటే సంగతి వివరించడం తేలికవుతుంది.