‘ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్’ అని రాసే ముందు

మెయిల్ ఆఖర్న ‘ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్’ అని కొట్టి పంపేసే అలవాటు మీకుంటే ఇది మీకోసమే రాస్తున్నాను. ఆ మాట తప్పని చెప్పడానికి కాదు, అది తప్పు కాదు కూడా. కానీ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పని చెడగొడుతుంది, దాని బదులు ఏం రాస్తే బాగుంటుంది అన్నది వైజాగ్ పోర్టు మీద బతికే ఒక షిప్పింగ్ ఏజెన్సీలో 11 ఏళ్లుగా మెయిల్స్ రాస్తూ నేర్చుకున్నాను. మొదటి పాఠం దెబ్బ తిని నేర్చుకున్నదే, అందుకే అక్కణ్నుంచే మొదలుపెడతాను.

చేరిన మొదటి ఏడాది. మా చేతికి ఒక బొగ్గు షిప్పు వచ్చింది, ఓనర్లు గ్రీసు వాళ్లు. షిప్పు రాకముందే పోర్టు ఛార్జీలు, షిప్పుని పోర్టులోకి నడిపించే పైలట్, దాన్ని లాగే టగ్గు పడవలు అన్నీ కలిపి ఎంతవుతుందో ఒక అంచనా వేసి ఓనర్లకి పంపుతాం, దాన్నే మావాళ్లు పీడీఏ అంటారు. ఆ డబ్బు వాళ్లు ముందుగా మా అకౌంట్లో వేస్తే మేం పోర్టుకి కడతాం. నేను శుక్రవారం మధ్యాహ్నం పీడీఏ అటాచ్ చేసి, కింద ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ అని రాసి పంపాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది, ‘నోటెడ్ విత్ థాంక్స్’ అని. హమ్మయ్య అనుకుని ఇంటికెళ్లిపోయాను.

శని, ఆదివారాలు అక్కడ బ్యాంకులు లేవు. ఆదివారం రాత్రి షిప్పు వచ్చి యాంకరేజ్‌లో, అంటే పోర్టు బయట లంగరేసుకునే చోట, ఆగింది. సోమవారం పొద్దున్న అకౌంట్ చూస్తే పైసా లేదు. మా సార్ పిలిచి, ‘ఏమయ్యా, డబ్బులడిగావా లేదా?’ అన్నారు. అడిగాను సార్ అని మెయిల్ తీసి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి, ‘ఇందులో డబ్బు అన్న మాట ఎక్కడుందో చూపించు’ అన్నారు.

లేదు. ఎంత పంపాలో లేదు, ఎప్పటిలోగా పంపాలో లేదు, అసలు పంపమనే లేదు. గ్రీసులో ఆ మెయిల్ చదివినవాళ్లు అంచనా చూశారు, లెక్క సరిగ్గానే ఉందనుకున్నారు, ఫైల్లో పెట్టుకున్నారు. వాళ్ల లెక్కన చూస్తే నీడ్‌ఫుల్ అయిపోయింది. డబ్బు వచ్చేసరికి మంగళవారం సాయంత్రమైంది, ఈలోగా మా షిప్పు కన్నా వెనకొచ్చినది ముందు బెర్తు, అంటే సరుకు దించే రేవు, ఎక్కేసింది. ఆగిన ప్రతి రోజుకీ ఎవరో ఒకరు డబ్బు కట్టుకోవాల్సిన వ్యాపారం ఇది. ఆ రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఇంతకీ ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చింది? నీడ్‌ఫుల్ అంటే అవసరమైనది, ‘డూ ది నీడ్‌ఫుల్’ అంటే అవసరమైనది చెయ్యండి అని, అంతే. 18, 19 శతాబ్దాల్లో బ్రిటిష్‌వాళ్లు తమ ఉత్తరాల్లో మామూలుగా రాసుకున్న మాటే ఇది. 20వ శతాబ్దంలో వాళ్ల దగ్గర వాడుక తగ్గిపోయింది, మన దగ్గర మాత్రం గుమాస్తాల ఉత్తరాల్లోంచి ఆఫీసు నోట్లలోకి, అక్కణ్నుంచి మెయిల్స్‌లోకి, ఇప్పుడు వాట్సాప్‌లోకి హాయిగా నడిచొచ్చేసింది. అందుకే ఇండియన్ ఇంగ్లీష్ తెలియని ఇంగ్లండ్, అమెరికా వాళ్లకి ఇది పాతకాలపు మాటలా వినిపిస్తుంది, కొందరికి ఆర్డర్ వేసినట్టు కూడా అనిపిస్తుంది. నాకు బాగా గుచ్చుకున్న సంగతి ఇంకొకటుంది. పాత బ్రిటిష్ వాడుకలో ‘ది నీడ్‌ఫుల్’ అంటే డబ్బు అని కూడా అర్థం. ఆ రోజు నాకు కావాల్సింది సరిగ్గా అదే, కానీ ఆ అర్థం గ్రీసులో కూర్చున్న మనిషికి తడుతుందని ఎలా అనుకోగలం?

అసలు మనం ఈ మాటని ఇంత ఇష్టంగా ఎందుకు పట్టుకున్నామో నాకొక అభిప్రాయం ఉంది. కౌంటర్ దగ్గర నిలబడి కాగితం చేతిలో పెట్టి మనం ఏమంటాం? ‘సార్, కొంచెం చూడండి’ అంటాం. ఏం చూడాలో చెప్పం. చెప్పక్కర్లేదు కూడా, ఎందుకంటే కాగితం ఆయన చేతిలో ఉంది, మనం ఎదురుగా ఉన్నాం, అర్థం కాకపోతే ‘ఏటి కావాలి?’ అని ఆయనే అడుగుతాడు, మనం చెబుతాం. తెలుగు అర్జీలో ‘తగు చర్య తీసుకోవలసిందిగా కోరుచున్నాను’ అని రాసేదీ ఇదే. మన మర్యాదే అలా ఉంటుంది, పెద్దవాళ్లకి ఇది చెయ్యండి అని మొహం మీద చెప్పడం మనకి ఇబ్బంది. ‘డూ ది నీడ్‌ఫుల్’ ఆ ఇబ్బందికి అచ్చంగా సరిపోయే ఇంగ్లీషు మాట. కానీ మెయిల్‌కి ఎదురుగా మనిషి ఉండడు. చదివేవాడికి అర్థం కాకపోతే మళ్లీ అడగాలి, అడిగే ఓపిక లేకపోతే పక్కన పెట్టేస్తాడు, లేదా నా షిప్పు ఓనర్లలాగా తనకి తోచింది చేసి ఊరుకుంటాడు.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. వేళ్లు ‘కైండ్లీ డూ ది’ దాకా వచ్చినప్పుడు అక్కడ ఆగండి. ఆ మనిషి మీ పక్క కుర్చీలో కూర్చుని ‘ఏం చెయ్యమంటావ్?’ అని అడిగితే తెలుగులో ఏం చెబుతారో అది పైకి అనండి. ‘సార్, ఈ 18,000 డాలర్లు గురువారంలోగా వేయించండి, షిప్పు ఆదివారం వచ్చేస్తుంది’ అంటారు కదా, అదే ఇంగ్లీషులో పెట్టండి: ‘ప్లీజ్ రెమిట్ యూఎస్ డాలర్స్ 18,000 బై థర్స్‌డే, యాజ్ ది వెసెల్ అరైవ్స్ ఆన్ సండే.’ పెద్ద ఇంగ్లీషేం కాదు. ఇందులో పని ఉంది, గడువు ఉంది, ఆ గడువు ఎందుకో ఉంది. మూడోది చాలామంది వదిలేస్తారు, నా అనుభవంలో పని జరిపించేది అదే. ‘అర్జెంట్’ అని ఎర్రరంగులో రాసినా కదలనివాళ్లు, ఆదివారం షిప్పు వస్తోందని తెలిస్తే కదులుతారు. గడువు పెట్టేటప్పుడు ‘వీలైనంత త్వరగా’ అని కాకుండా వారం, తేదీ, బయటి దేశమైతే ఎవరి టైమో కూడా రాయండి. మన సాయంత్రం ఆరు గంటలంటే గ్రీసులో ఇంకా మధ్యాహ్నమే, చలికాలంలో మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా, ఎండాకాలంలో రెండున్నర.

అంత సూటిగా అడిగితే పొగరనుకుంటారేమో అని మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు టెన్షన్ పడుతుంటారు. పడక్కర్లేదు. ముందు ‘ప్లీజ్’ ఉంది, లేదంటే ‘కుడ్ యూ ప్లీజ్’ అని మొదలుపెట్టి ప్రశ్నలాగా అడగండి, ఇంకా మెత్తగా ఉంటుంది. మర్యాద ఆ మాటల్లో ఉంటుంది, పని పేరు దాచడంలో కాదు. ఇంకా చెప్పాలంటే, చదివేవాళ్లు బుర్ర పాడుచేసుకోకుండా పని చేసుకునేలా రాయడం కన్నా పెద్ద మర్యాద ఏముంటుంది?

అయితే ఈ మాటని అసలే వాడకూడదా అంటే, వాడొచ్చు. ఏం చెయ్యాలో ఇద్దరికీ ముందే తెలిసి, అది ఎప్పుడూ ఒకేలా జరిగే పని అయితే ఏ ఇబ్బందీ లేదు. నేను ప్రతి నెలా మా అకౌంట్స్‌లో మేడమ్‌గారికి ట్యాక్సీ బిల్లులు పంపి ఇదే రాస్తాను. ఆవిడకి తెలుసు, పాస్ చేసి నా అకౌంట్లో వేస్తారు. ఒకే ఆఫీసులో పై సీటు నుంచి కింది సీటుకి ఫైలు వెళ్లేటప్పుడు కూడా సరిపోతుంది. మీ మెయిల్లో పైన పని అంతా వివరంగా రాసి చివర్న ఈ మాట పెట్టినా నష్టం లేదు, అప్పుడది సంతకం ముందు నమస్కారం లాంటిది. మొత్తం భారం దాని మీదే వేసినప్పుడే చిక్కు.

వాడితే సరిగ్గా వాడండి. ‘ది’ వదిలేసి ‘డూ నీడ్‌ఫుల్’ అని రాస్తారు, అది కుదరదు. ‘నీడ్‌ఫుల్స్’ అని బహువచనం లేదు. ‘డూ ది నీడ్‌ఫుల్ యాక్షన్’ అని కూడా చూశాను, యాక్షన్ కావాలంటే ‘టేక్ ది నెసెసరీ యాక్షన్’ అనండి. దీని చుట్టమే ‘రివర్ట్’. మనవాళ్లు జవాబివ్వమని వాడతారు, బయటివాళ్లకి దాని మామూలు అర్థం వెనకటి స్థితికి మళ్లడం. ‘రిప్లై’ అంటే ఎవరికైనా తెలుస్తుంది, అది చాలు.

అర్జీల సంగతి కూడా చెప్పాలి. ఆఫీసు మెయిల్స్ కన్నా అక్కడే ఈ మాట వల్ల మామూలు మనుషులకి ఎక్కువ నష్టం జరుగుతోందని నా బాధ. కంచరపాలెంలో మా వీధి చివర ఒక మావయ్యగారుంటారు, చుట్టం కాదు గానీ చిన్నప్పట్నుంచీ అలాగే పిలుస్తాను. వీధి లైటు వెలగట్లేదని ఇంగ్లీషులో ఒక కాగితం రాసిపెట్టమని వచ్చారు. తను రాసుకొచ్చిన చిత్తుప్రతిలో ‘రెస్పెక్టెడ్ సార్’ తర్వాత నాలుగు లైన్లు దణ్ణాలు, ‘అవర్ స్ట్రీట్ లైట్ ప్రాబ్లమ్’ అని ఒక ముక్క, కింద ‘ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్’. ఏ వీధో లేదు. నేను చెప్పులేసుకుని ఆయనతో పాటు ఆ స్తంభం దాకా వెళ్లాను, దాని మీద పెయింట్‌తో నంబరుంది, సగం పోస్టర్ కింద. పోస్టర్ చింపి నంబరు రాసుకున్నాం. ఎదురింటి డోర్ నంబరు, వార్డు నంబరు, ఎన్ని రోజులుగా వెలగట్లేదో, రాత్రి ఆ మలుపులో ఎవరు నడుస్తారో, ఫోన్ నంబరు, ఇవన్నీ అయిదు లైన్లలో పెట్టి, ‘ఈ స్తంభానికి బల్బు మార్చమని కోరుతున్నాను’ అని తెలుగులోనే రాశాను. ఇంగ్లీషెందుకు, చదివేవాళ్లూ మనవాళ్లే కదా. మావయ్యగారికి తృప్తి కలగలేదు. ‘బాబూ, ఆఖర్న ఆ నీడ్‌ఫుల్ మాట పెట్టు, లేకపోతే అర్జీలా ఉండదు’ అన్నారు. సరే అని ‘తగు చర్య’ లైను ఒకటి కింద చేర్చాను, పైన అన్నీ ఉన్నాయి కాబట్టి. ఆ తర్వాత లైటు కోసం వచ్చినతను ఎవర్నీ దారడక్కుండా నేరుగా ఆ స్తంభం దగ్గరికే వచ్చాడని ఆయనే చెప్పారు.

వైజాగ్ అంటే 98 వార్డుల ఊరు. సోమవారం కలెక్టరాఫీసుకి అర్జీ పట్టుకెళ్లినా, వార్డు సచివాలయంలో ఇచ్చినా, మీ కాగితం ఎన్నో కాగితాల మధ్య ఒకటి. కరెంటు గురించైతే బిల్లు మీద సర్వీస్ నంబరు, నీళ్ల గురించైతే ఏ రోజు నుంచి ఏ టైములో రావట్లేదో, పాత అర్జీ ఉంటే దాని నంబరు, తేదీ. కాగితం చూసినవాళ్లు కుర్చీలోంచి లేచి ఎక్కడికెళ్లాలో దాన్లోనే ఉండాలి.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో రకం. ‘థర్డ్ ఫ్లోర్ వాటర్ నాట్ కమింగ్, ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్’ అని ఒకరు పెడతారు, అందరూ చూస్తారు, ఎవరో చూసుకుంటార్లే అని ఎవరికి వాళ్లు ఊరుకుంటారు. అక్కడ కావాల్సింది మనిషి పేరు. ‘సెక్రటరీగారూ, మోటార్ వేయమని వాచ్‌మన్‌కి చెబుతారా, థర్డ్ ఫ్లోర్‌లో ఆరింటి నుంచి నీళ్లు లేవు’ అంటే కథ వేరు.

ఇక ఈ మాట మీకే వస్తే? ‘ఓకే సార్’ అని మాత్రం అనకండి. మీకు అర్థమైనదేంటో ఒక లైనులో తిరిగి రాసి పంపండి: ‘ఇన్వాయిస్‌లో కంపెనీ పేరు మార్చి రేపు 11 గంటల్లోగా పంపుతున్నాను, ఇంకేమైనా ఉంటే చెప్పండి.’ ఆయన మనసులో ఉన్నది వేరే అయితే అప్పుడే బయటపడుతుంది. పని అయ్యాక ‘నీడ్‌ఫుల్ డన్’ అని కూడా రాయొద్దు, అది చదివినవాళ్లకి ఏం అయిందో తెలియదు. పేరు మార్చాను, కొత్త కాపీ జత చేశాను, పాతది క్యాన్సిల్ చేశాను అని రాయండి.

గ్రీసు ఓనర్ల షిప్పులు మాకు ఇప్పటికీ వస్తాయి. పీడీఏ బుధవారమే పంపేస్తున్నాను. మొదటి లైన్లో డబ్బు ఎంతో, రెండో లైన్లో ఏ రోజులోగానో. ‘నోటెడ్ విత్ థాంక్స్’ అని వస్తే, ‘పేమెంట్ ఏ తేదీన పంపుతున్నారో చెప్పగలరా’ అని వెంటనే ఇంకో లైను రాసి, తేదీ వచ్చాకే ఇంటికి బయల్దేరతాను.