కొత్త ఇయర్‌బడ్స్ కొనే ముందు పాతవి ఒకసారి ఇలా చూడండి

“అన్నా, ఇవి పోయినయ్. రెండు వేలల్లో మంచిది ఇంకోటి చూపించు.”

అమీర్‌పేటలో మొబైల్ యాక్సెసరీల కౌంటర్ వెనక నిలబడితే ఈ మాట వినని రోజు ఉండదు. చేతిలోకి తీసుకుని లైటు కింద తిప్పి చూస్తే, చాలాసార్లు అవి పోయి ఉండవు. కొత్తవి అమ్మేస్తే నాకే లాభం, కాదనను. కానీ అసలు లోపం ఇంకోచోట ఉంటే, ఆ కొత్త జత కూడా వారం తిరక్కుండా అదే ఫిర్యాదుతో నా కౌంటర్ మీదికే వస్తుంది.

పెయిరింగ్, రీసెట్, కేసుకి ఛార్జింగ్ పెట్టడం అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోవడం లేదు.

ఒక చెవిలో సౌండ్ తక్కువ

గులిమి. మా వైపు గుబిలి అంటారు. ఇంకేం ఆలోచించకుండా ముందు ఇదే చూడండి. ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది, “నేను రోజూ తలస్నానం చేస్తానన్నా” అంటారు. స్నానానికీ దీనికీ సంబంధం లేదు. చెవిలో పెట్టుకునేదానికి చెవిలోది అంటుకోక ఏమవుతుంది?

రబ్బరు తీసి, సెల్‌ఫోన్ టార్చ్ వేసి జాలీని చూడండి. కంతలు విడివిడిగా కనిపించాలి. పసుపు, గోధుమ రంగు కలిసిన మైనం పొర మెరుస్తూ కనిపిస్తే దొంగ దొరికినట్టే. మెత్తటి పాత టూత్‌బ్రష్ పొడిగా తీసుకుని, జాలీ నేలవైపు ఉండేలా బడ్‌ని బోర్లించి పట్టుకుని రుద్దండి. బోర్లించకపోతే రాలిన చెత్త లోపలికే పోతుంది. పిన్నీసు పెట్టి గుచ్చకండి, జాలీ చిరిగితే ఇక మీ చేతుల్లో ఉండదు. నోటితో ఊదకండి, తడి కూడా లోపలికి పంపినట్టవుతుంది.

శుభ్రం చేసినా మారకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆడియో బ్యాలెన్స్ చూడండి. ఎడమ, కుడి మధ్య ఉండాల్సిన గీత ఒక పక్కకి జరిగి ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే ఎలా జరిగిందని అడగక్కర్లేదు. అదీ సరిగ్గానే ఉంటే సౌండ్ తక్కువ వస్తున్న బడ్‌ని రెండో చెవికి ఆనించి వినండి. అక్కడ బాగా వినిపిస్తే పని నాతో కాదు, ఈఎన్‌టీ డాక్టరుతో.

బేస్ లేదు, ఏఎన్‌సీ పనిచేయట్లేదు

రబ్బర్ల సైజు. డబ్బాలో మూడు జతల రబ్బర్లు ఇస్తారు. మధ్య సైజు తొడిగి వస్తుంది, మిగతా రెండూ డబ్బాతోపాటు అటక ఎక్కుతాయి. చెవికీ రబ్బరుకీ మధ్య సందు ఉంటే ముందు కారిపోయేది బేసే. ఏఎన్‌సీ, అంటే బయటి మోత తగ్గించే ఏర్పాటు కూడా అక్కడే ఓడిపోతుంది, ఎందుకంటే అది ప్రధానంగా ఆపేది బస్సు ఇంజను, మెట్రో ఏసీ లాంటి లోతైన హోరునే. హారన్లూ పక్క సీటు వాళ్ల మాటలూ వినిపిస్తున్నాయని తెచ్చేవాళ్లుంటారు. అవి ఎంత ఖరీదైన దాంట్లోనైనా కొంత వినిపిస్తాయి. రెండు చెవులూ ఒకే కొలత ఉండాలని లేదు, ఎడమకి పెద్దది, కుడికి మధ్యది తొడిగినా తప్పేం లేదు.

పాట ఉన్నట్టుండి ల్యాండ్‌లైన్‌లోంచి వస్తున్నట్టు అయిపోతుంది

దీని దగ్గరే నా చేయి కాలింది, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్‌కి వెళ్లే ఒక అబ్బాయి మా దగ్గర ఒక జత కొన్నాడు. నాలుగు రోజులకు వచ్చి, “హాస్టల్లో వింటే డబ్బాలోంచి పాడినట్టుందన్నా” అన్నాడు. షాపు ఫోన్‌కి కలిపి విన్నాను, బ్రహ్మాండంగా ఉంది. జాలీ శుభ్రం, రబ్బరు సరిగ్గా ఉంది. పంపించేశాను. రెండు రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి మొహమాటపడి కొత్త పీసు మార్చిచ్చాను. పాత పీసులో లోపం లేదని కంపెనీవాళ్లు తిప్పి పంపారు, ఆ డబ్బు నా జేబులోంచే పోయింది. మూడోసారి వచ్చినప్పుడు, “ల్యాప్‌టాప్ కూడా పట్టుకురా తమ్ముడూ” అన్నాను.

తెచ్చాడు. పాట పెట్టాడు. నిజమే, తాళాల మోత లేదు, గొంతు దుప్పటి కప్పుకున్నట్టుంది, రెండు చెవుల్లోనూ ఒకటే ముద్ద. స్క్రీన్ కింద మూల చూస్తే గడియారం దగ్గర చిన్న మైక్ బొమ్మ. బ్రౌజర్లో ఓ ఇరవై ట్యాబులున్నాయి. అందులో ఒకటి మాక్ ఇంటర్వ్యూ పేజీ, పొద్దున వాడి వదిలేశాడు. దానికిచ్చిన మైక్ పర్మిషన్ అలాగే ఉంది. ఆ ట్యాబ్ మూశాను. ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత పాట విచ్చుకుంది. వాడు నా మొహం చూస్తున్నాడు, నేను నా మార్చిచ్చిన పీసు గురించి ఆలోచిస్తున్నాను.

జరిగేది ఇది. మామూలు బ్లూటూత్‌లో పాటలకి ఒక పద్ధతి, కాల్స్‌కి ఇంకో పద్ధతి. పాటల పద్ధతిలో సౌండ్ ఫోన్ నుంచి చెవికి మాత్రమే వస్తుంది, స్టీరియోలో, పూర్తిగా. కాల్ పద్ధతిలో మీ గొంతు కూడా వెనక్కి పోవాలి, అందుకని సౌండ్‌ని మోనోకి, అంటే రెండు చెవుల్లోనూ ఒకటే వచ్చేలా కుదించేస్తారు. రెండు పద్ధతులూ ఒకేసారి నడవవు. ఏదో ఒక యాప్ బడ్స్ మైక్ తెరిచిందంటే పాట కూడా కాల్ పద్ధతిలోకి దిగిపోవాల్సిందే. పాటలో సెకనుకి 44,100 శాంపిళ్లు (సౌండ్ కొలతలు) ఉంటే, కాల్‌లో పాత రకానికి 8,000, కొంచెం మెరుగైనదానికి 16,000. 8,000 అంటే అందులో సగం, 4,000 హెర్ట్జ్‌కి పైన ఏమీ రాదు. ల్యాండ్‌లైన్ గొంతు 3,400 దగ్గర ఆగిపోయేది. “ల్యాండ్‌లైన్‌లా ఉంది” అన్నవాళ్లు ఉత్తినే అనడం లేదన్నమాట.

దీని మోసమంతా ఎక్కడుందంటే, రీసెట్ కొడితే కాసేపు బాగైపోతుంది. కనెక్షన్ తెగినప్పుడు ఆ యాప్ మైక్ వదిలేస్తుంది కదా. మళ్లీ పట్టుకోగానే మళ్లీ అదే. దాంతో “రోజూ రీసెట్ చేయాల్సొస్తోంది, పీసే లోపం” అని జనం తేల్చేస్తారు. షాపుకి తెస్తే షాపు ఫోన్‌లో బాగానే పలుకుతుంది, కస్టమర్ అబద్ధం చెబుతున్నాడని మేం తేల్చేస్తాం.

పట్టుకోవడం తేలిక. ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ మైక్ వాడుతున్నా స్క్రీన్ పైన కుడి మూల ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది. ఐఫోన్‌లోనూ మ్యాక్‌లోనూ నారింజ చుక్క. విండోస్‌లో గడియారం పక్కన మైక్ బొమ్మ. సౌండ్ చెడిపోయిన ఆ నిమిషంలోనే చూడాలి. బడ్స్ ఒకేసారి రెంటికి కనెక్ట్ అయ్యే రకమైతే రెండో దాన్ని కూడా చూడండి. పాట ఫోన్లో పాడుతుంటే మైక్‌ని బ్యాగులో ఉన్న ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చుంటుంది. గేమ్ ఆడేవాళ్లయితే టీమ్ వాయిస్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. తుపాకీ మోత టపాకాయలా వినిపించడానికి సాధారణంగా అదే కారణం.

పరిష్కారం: మీటింగ్ యాప్ సెట్టింగ్స్‌లో స్పీకర్‌గా బడ్స్, మైక్‌గా ల్యాప్‌టాప్ సొంత మైక్ పెట్టండి. చాలామందికి ఇక్కడితో సరిపోతుంది. సరిపోకపోతే విండోస్ కంట్రోల్ ప్యానెల్లో బడ్స్ ప్రాపర్టీస్ తెరిచి, సర్వీసెస్‌లో హ్యాండ్స్‌ఫ్రీ టెలిఫోనీ టిక్ తీసేయండి. ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ జాబితాలో బడ్స్ పేరు పక్కన గేరు బొమ్మ నొక్కితే కాల్స్, మీడియా వేర్వేరుగా ఉంటాయి. కాల్స్ ఆపేస్తే మైక్ ఎవరూ లాక్కోలేరు. ఫోన్ వచ్చినప్పుడు మాత్రం సెల్‌ని చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడాలి.

తెగి తెగి వస్తోంది

ఫోన్ ఏ జేబులో ఉంది? బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, ఒంట్లో ఉన్న నీళ్లు దాన్ని మింగేస్తాయి. వెనక జేబులోంచి ముందు జేబులోకి మార్చండి. అమీర్‌పేట మెట్రోలో లైను మారే చోట ఆ జనంలో మాత్రమే తెగుతుంటే బ్లూటూత్ సెట్టింగ్‌లో హెచ్‌డీ ఆడియో ఆపండి, తేలికైన కోడెక్‌కి, అంటే సౌండ్‌ని కుదించి పంపే పద్ధతికి దిగుతుంది. రైల్లో నిలబడి వింటున్నప్పుడు ఆ తేడా మీకు తెలియదు.

ఒక బడ్ ఛార్జ్ ఎక్కట్లేదు

చెమట. బడ్ కింద, కేసు లోపల ఉన్న లోహపు చుక్కల మీద నల్లగా, ఆకుపచ్చగా పట్టి ఉంటుంది. పొడి దూది పుల్లతో తుడవండి, మొండిదైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క అద్దండి. రెండు మూడేళ్లు రోజూ వాడిన జత గంటకే దిగిపోతుంటే మాత్రం బ్యాటరీ అయిపోయింది. జిగురు పెట్టి మూసేసినవి, తెరిచి మార్చే ఖర్చుకి కొత్తవే వస్తాయి.

ఇన్ని చూశాక కొత్తవే కావాలంటే

మీరు బయట ఎక్కువ వినేదా, మాట్లాడేదా, అది తేల్చుకుని రండి. రోజంతా బస్సులో, రోడ్డు మీద కాల్స్ మాట్లాడేవాళ్లకి నేను ఇప్పటికీ వైరుదే ఇస్తాను. దాని మైక్ నోటి దగ్గర ఉంటుంది, బడ్ మైక్ చెవి దగ్గర ఉంటుంది, అంతే తేడా. ఫోన్‌కి 3.5 జాక్ లేకపోతే సీ టైప్ అడాప్టర్ తీసుకోండి, కానీ లోపల డ్యాక్ చిప్ (ఫోన్ డిజిటల్ సౌండ్‌ని వైరులో పోయే సిగ్నల్‌గా మార్చేది) ఉన్నదే అడగండి. అది లేని చవక రకం కొన్ని ఫోన్లలో పలకనే పలకదు.

పాటల కోసమైతే మూడు సైజుల రబ్బర్లూ అక్కడే తొడిగి చూడనిచ్చే షాపులో కొనండి. మైక్ గొడవ వద్దనుకుంటే ఎల్ఈ ఆడియో ఉందా అని అడగండి. మాట్లాడుతున్నా సౌండ్ అంత పడిపోకుండా చూసే కొత్త పద్ధతి అది. ఫోన్, బడ్స్ రెంటికీ ఉంటేనే పనిచేస్తుంది. డబ్బా మీద బ్లూటూత్ 5.3 అని రాసి ఉన్నంత మాత్రాన అది ఉన్నట్టు కాదు.

డ్రైవర్ (బడ్ లోపలి చిన్న స్పీకర్) కాలిపోవడం, లోపల తీగ తెగడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మధ్యలో చచ్చిపోవడం లాంటివి కూడా ఉంటాయి. ఏడాదికి ఒకటో రెండో చూస్తాను. అవి నేనూ విప్పను, బిల్లు తీసుకుని సర్వీస్ సెంటర్‌కి పొండి.