మీకు కుదిరే చదువు పద్ధతి ఏదో తేల్చుకోండిలా

కావలిలోనో ఒంగోలులోనో గ్రంథాలయానికి వెళ్తే పోటీ పరీక్షలకు చదివేవారు తలా ఒక తీరుగా కనిపిస్తారు. ఒకరు పేజీ నిండా రంగు గీతలు గీస్తారు, ఇంకొకరు అదే పాఠాన్ని పదిసార్లు తిరగేస్తారు. ఎవరి పద్ధతి వారిదే కావచ్చు. కానీ మీది ఏదో తేల్చాల్సింది మార్కులు, మీ ఇష్టం కాదు.

ఒకే సబ్జెక్టులో సమాన కష్టమున్న రెండు పాఠాలు తీసుకోండి. పెన్నా నది ఒకటి, గుండ్లకమ్మ ఒకటి అనుకుందాం. చెరొక అరగంట. పెన్నాను మళ్లీ మళ్లీ చదవండి. గుండ్లకమ్మను ఒక్కసారి చదివి, పుస్తకం మూసి, ఎక్కడ పుట్టింది, ఎటు పారింది, దానిపై ఏ ప్రాజెక్టు ఉంది అన్నవి తెల్లకాగితం మీద రాసి సరిచూసుకోండి. నాలుగు రోజులు రెండింటి జోలికీ పోకండి. ఆ తర్వాత స్నేహితులతో ప్రశ్నలు అడిగించుకోండి.

ఈ ఎడం తప్పనిసరి. రోడిగర్, కార్పికే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదివినవారు ముందున్నారు. వారం తర్వాత పెడితే చూడకుండా గుర్తు తెచ్చుకున్నవారు ముందున్నారు. చదువుతున్నప్పుడు వచ్చిందనిపించడం వేరు, పరీక్ష హాలులో రావడం వేరు.

లెక్కలకైతే కాగితం మీద సూత్రం రాస్తే చాలదు, జవాబు కప్పి లెక్క మొత్తం చేయాలి. ఒక్కసారితో తీర్పు చెప్పేయకండి. వచ్చే వారం వేరే రెండు పాఠాలతో మళ్లీ చూడండి.