క్రీడా తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు: ముందు దాచే చోటు చూసుకోండి

టార్గెట్ షూటింగ్ కోసం సొంతంగా .22 రైఫిల్ గానీ 12 బోర్ షాట్‌గన్ గానీ కొనాలంటే ఆయుధాల చట్టం, 1959 కింద లైసెన్సు ఉండాలి. వయసు 21 నిండాలి. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వ్యాసం), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అంతమాత్రాన అది పిల్లలకు అందేలా మూలన నిలబెట్టే వస్తువేమీ కాదు.

దరఖాస్తు ఫారం ఏ-1లో చేయాలి. లైసెన్సు ఇచ్చేది జిల్లాల్లో కలెక్టర్, హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనర్. పుట్టినతేదీ, గుర్తింపు, చిరునామా ఆధారాలు, ఫొటోలు, మానసిక, శారీరక ఆరోగ్యంపై డాక్టర్ సర్టిఫికెట్ జతచేయాలి. షూటింగ్ క్లబ్బు లేదా రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వం ఉంటే ఆ కాగితాలూ పెట్టండి.

వీటితోపాటు తుపాకీని భద్రంగా వాడతాను, భద్రంగా దాస్తాను అని హామీపత్రం ఇవ్వాలి. చాలామంది సంతకం పెట్టేసి మర్చిపోయే కాగితం ఇదే. నా దృష్టిలో మొత్తం ఫైల్లో దీనికి మించింది లేదు. నగలు పోతే నష్టం మీ ఒక్క ఇంటికే. తుపాకీ పోతే అది ఎవరి మీద పేలుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే దరఖాస్తు పెట్టకముందే చోటు సిద్ధం చేసుకోండి.

గట్టి స్టీల్ బీరువా తీసుకుని, గోడకూ నేలకూ బోల్టులతో బిగించండి. బిగించని బీరువాను నలుగురు కలిస్తే ఎత్తుకుపోగలరు. నగలు, డబ్బు ఉన్న బీరువాలోనే తుపాకీ పెట్టొద్దు, దొంగ ముందు తెరిచేది దాన్నే. తూటాలను వేరే పెట్టెలో, వేరే తాళంతో ఉంచండి. తూటాను లోపలికి తోసి మూసే భాగాన్నీ బోల్ట్ అనే అంటారు; అది ఊడివచ్చే రైఫిల్ అయితే తీసి విడిగా దాచండి.

ఎంత మంచి బీరువా అయినా తాళంచెవి దగ్గరే దెబ్బతింటుంది. తలుపు పైన, దేవుడి పటం వెనక, దిండు కింద చెవి పెడితే తాళం వేసి లాభం లేదు. లైసెన్సు మీ పేరున ఉంది కాబట్టి చెవి కూడా మీ దగ్గరే ఉండాలి, బావమరిదికైనా ఇవ్వకండి. వాట్సాప్ స్టేటస్‌లో తుపాకీ ఫొటో పెట్టొద్దు. షూటింగ్ రేంజ్ నుంచి వస్తూ హోటల్ దగ్గర ఆగినప్పుడు తుపాకీని కారు డిక్కీలో వదిలి వెళ్లొద్దు.

దరఖాస్తు తర్వాత పోలీసు విచారణ ఉంటుంది. స్టేషన్ నుంచి ఇంటికి వచ్చినప్పుడు బీరువా మీరే తీసుకెళ్లి చూపించండి. లైసెన్సు వచ్చాక విశిష్ట గుర్తింపు సంఖ్య, అంటే యూఐఎన్, ఇస్తారు. లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే కొనండి. తుపాకీ నంబరు, లైసెన్సు నకలు, కొన్న రశీదు బీరువాలో కాకుండా మరోచోట ఉంచుకోండి.

నెలల తరబడి ఊళ్లో లేకపోతే ఖాళీ ఇంట్లో తుపాకీ వదలడం ప్రమాదం. స్టేషన్‌లో గానీ, సేఫ్ కస్టడీకి, అంటే ఇతరుల తుపాకులు భద్రపరిచేందుకు, అనుమతి ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయవచ్చు. వెళ్లే తేదీ, తిరిగొచ్చే తేదీ, తుపాకీ వివరాలతో దరఖాస్తు రాసి, లైసెన్సు నకలు జతచేసి ఇవ్వండి. రశీదులో తుపాకీ నంబరు, తూటాల లెక్క ఉన్నాయో లేదో అక్కడే చదువుకోండి.

తుపాకీ పోయిందని తెలిస్తే ‘ఇంట్లోవాళ్లే ఎక్కడో పెట్టారేమో, రెండు రోజులు వెతుకుదాం’ అని ఆగొద్దు. లైసెన్సు షరతుల ప్రకారం వెంటనే దగ్గరి స్టేషన్‌లో చెప్పాలి. ఫిర్యాదులో తుపాకీ నంబరు, పోయిన తూటాల సంఖ్య, చివరిసారి చూసిన సమయం రాయండి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం ఎఫ్‌ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. ఆ నకలుతో లైసెన్సు ఇచ్చిన అధికారికి కూడా లిఖితపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.