జర్మనీలో కొత్తవారికి: మనసులో మాట నోటికి రానప్పుడు

జర్మన్ భాషలో ఏ2 (రెండో స్థాయి) పరీక్ష పాసై వచ్చినా మొదటి ఏడాది చాలామందిది ఒకటే బాధ. ఊళ్లో గలగలా మాట్లాడే మనిషి ఇక్కడ ఆఫీసు క్యాంటీన్‌లో నోరు మెదపరు. చెప్పాలనుకున్నది వాక్యంగా కుదిరేలోపే మాట ఇంకో విషయంలోకి వెళ్లిపోతుంది. పక్కవాళ్లు మీకు అభిప్రాయాలే లేవనుకుంటారు. ఇది మనిషిని లోపల్లోపల తినేస్తుంది. భాష అదే వస్తుందిలే అని వదిలేయకండి.

ముందు మానుకోవాల్సింది, అర్థం కాకపోయినా "యా, యా" అని తలూపడం. పెద్దవాళ్ల ముందు, పైఅధికారి ముందు కాదనకపోవడం మనకు మర్యాద. ఇక్కడ ఊ అంటే ఒప్పుకున్నట్టే లెక్క. శుక్రవారానికి పని అయిపోతుందా అని మేనేజర్ అడిగితే, కాదని తెలిసీ అవునంటే అసలు టెన్షన్ శుక్రవారం మొదలవుతుంది. కుదరదని ముందే చెప్పి, ఎప్పటికి కుదురుతుందో కూడా చెబితే సాధారణంగా ఎవరూ తప్పుగా అనుకోరు.

ఈ మూడు వాక్యాలు నిద్రలో లేపి అడిగినా వచ్చేలా నేర్చుకోండి. "దాస్ హాబె ఇష్ నిష్ట్ ఫెర్‌ష్టాండెన్" అంటే నాకు అర్థం కాలేదు. "ఇష్ జేయె దాస్ ఆండర్స్" అంటే నా అభిప్రాయం వేరు. "క్యోనెన్ జీ దాస్ బిటె ఔఫ్‌ష్రైబెన్" అంటే కాస్త రాసి ఇస్తారా. ఇంటి అద్దె మాటల్లో ఈ మూడోది చాలా అవసరం.

డాక్టర్ దగ్గర మాత్రం అప్పటికప్పుడు వచ్చిన మాటలతో సరిపెట్టుకోవద్దు. పోటు, సలుపు, మంట, తిమ్మిరి అని మనం ఎంత వివరంగా చెప్పుకుంటాం! జర్మన్‌లో అన్నిటికీ కలిపి "నొప్పి" అని ఊరుకుంటే డాక్టర్‌కి సగమే తెలుస్తుంది. ముందురోజే తెలుగులో రాసుకోండి: ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏ మందులు వాడుతున్నారు. తర్వాత దాన్ని జర్మన్‌లోకి మార్చి, ఆ కాగితమే డాక్టర్ చేతికివ్వండి. పొడిచినట్టుంటే "ష్టెషెండ్", మంటగా ఉంటే "బ్రెనెండ్". క్లినిక్‌లు మూసి ఉన్నప్పుడు 116117కి, ప్రాణం మీదికొస్తే 112కి ఫోన్ చేయాలి.

ప్రభుత్వ ఆఫీసుల్లో చట్టప్రకారం పాలనా భాష జర్మనే. ఎదుటివారికి ఇంగ్లిష్ వచ్చినా మాట్లాడకపోవచ్చు, అది మీమీద కోపం కాదు. వీలైతే భాష బాగా వచ్చినవాళ్లను తోడు తీసుకెళ్లండి.

సంభాషణలో చెప్పలేకపోయిన మాటను ఆ రాత్రే రాసుకోండి. మర్నాడు అదే మనిషితో "నిన్న మీరన్నదాని గురించి ఆలోచించాను" అని మొదలుపెట్టండి. ఒకరోజు ఆలస్యంగా చెప్పినా అది మీ అభిప్రాయమే. మీరు మౌనంగా ఉన్నది ఆలోచన లేక కాదని కూడా వాళ్లకు అప్పుడే తెలుస్తుంది.

క్లాసు కావాలంటే చాలా ఊళ్లలో ఫోక్స్‌హోఖ్‌షూలె, అంటే పెద్దవాళ్లకు క్లాసులు చెప్పే విద్యాకేంద్రం, ఉంటుంది, ఫీజు అందుబాటులోనే ఉంటుంది. జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెల్లె వెబ్‌సైట్‌లో ఏ1 (మొదటి స్థాయి) నుంచి బీ1 (మూడో స్థాయి) దాకా పాఠాలు ఉచితం. కానీ నోరు తిరగాలంటే ఏదో ఒక ఫెరైన్‌లో, అంటే క్లబ్బులో, చేరండి. బ్యాడ్మింటనో, పాటల బృందమో, తోటపనో, మీకు ముందే బాగా తెలిసినదైతే మంచిది. వారంవారం అవే మనుషులు, అదే విషయం, అవే మాటలు. చెప్పేది తెలిసిందే కాబట్టి వెతుక్కోవాల్సింది భాష ఒక్కటే.