పేరున్న కంట్రీ గాయకుడి బ్యాండ్‌లో బేస్ వాయించాలంటే

కంట్రీ (అమెరికా పల్లె పాటల శైలి) సంగీతంలో పెద్ద గాయకుల టూర్లలో కొత్త బేసిస్టుకు, అంటే బేస్ గిటార్ వాయించేవారికి, రిహార్సళ్లు కొద్దిగానే దొరుకుతాయి. పాటల జాబితా, రికార్డింగులు పంపుతారు. మిగతాదంతా మీరు ఇంట్లోనే సిద్ధం చేసుకురావాలి.

ముందు ప్రతి పాటకూ నాష్‌విల్ నంబర్ చార్టు రాసుకోండి. 1950లలో జోర్డనేర్స్ అనే గాయక బృందానికి చెందిన నీల్ మాథ్యూస్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇందులో కార్డ్‌కు (కలిసి మోగే స్వరాల గుంపుకు) పేరు బదులు అంకె ఉంటుంది. జి కీలో, అంటే జి ఆధార స్వరమైన పాటలో, 1 అంటే జి, 4 అంటే సి, 5 అంటే డి. అంకె చుట్టూ వజ్రం గుర్తు ఉంటే ఆ కార్డ్‌ను ఒకసారి మీటి బార్ (ఒక తాళ ఆవర్తం) అంతా మోగనివ్వాలి. గాయకుడి గొంతు పట్టేసి అర మెట్టు దించమన్నా చార్టు మారదు, వేళ్లు మాత్రం మారతాయి. జి అర మెట్టు దిగితే ఎఫ్ షార్ప్ అవుతుంది. జిలో చేతికందిన ఓపెన్ తీగల్లో (వేలు పెట్టకుండా మోగించేవాటిలో) ఒక్కటీ ఎఫ్ షార్ప్ స్కేల్లో లేదు. అందుకే సెట్ మొత్తం అర మెట్టు కింద కూడా సాధన చేయండి.

వాయింపులో అసలు ప్రాణం టూ-బీట్. మొదటి బీట్ మీద కార్డ్ షడ్జమం (మూల స్వరం), మూడో బీట్ మీద పంచమం. సి అయితే ఎ తీగ 3వ ఫ్రెట్ (బేస్ మెడ మీది లోహపు గీత). దాని పంచమం అదే ఫ్రెట్‌లో, ఇ తీగ మీద. జి నుంచి సికి వెళ్లే బార్‌లో 1వ బీట్‌కు జి, 3కు ఎ, 4కు బి వాయించి, తర్వాతి బార్ మొదటి బీట్‌కు సి మీద దిగాలి.

చాలామంది తడబడేది స్వరాన్ని ఆపడంలో. స్నేర్ డ్రమ్ దెబ్బ పడే 2, 4 బీట్ల దగ్గర బేస్ ఇంకా మోగుతుంటే తాళం బరువెక్కుతుంది, మాటలు మసకబారతాయి. ఎడమ చేతి వేలు తీగ మీదే ఉంచి ఒత్తిడి మాత్రం వదలండి. పూర్తిగా ఎత్తేస్తే ఓపెన్ తీగ మోగుతుంది. ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నునుపుగా ఉండే) తీగలు వేసి బ్రిడ్జి దగ్గర పలచటి స్పాంజి పెడితే పని సులువవుతుంది. స్పాంజి మందమైతే శ్రుతి వినపడదు, టప్‌మనే చప్పుడే మిగులుతుంది.

ఇయర్ మానిటర్‌లో (చెవిలో పెట్టుకునే స్పీకర్‌లో) గొంతు, కిక్ డ్రమ్, క్లిక్ (తాళం చూపే టిక్ టిక్) ఎక్కువగా వినపడాలి. మీ బేస్‌నే పెంచుకుంటే తెలియకుండానే మెల్లగా మీటుతారు, బయట శబ్దం పలచబడుతుంది. యాక్టివ్ బేస్‌లో (లోపల బ్యాటరీతో పనిచేసే సర్క్యూట్ ఉన్నదానిలో) 9 వోల్టుల బ్యాటరీని అది నీరసించకముందే మార్చండి.

షో అయ్యాక ప్రయాణం సాధారణంగా రాత్రిపూట బస్సులోనే. బంకులో (బస్సులోని పడకలో) కాళ్లు డ్రైవర్ వైపు పెట్టి పడుకోండి, సడన్ బ్రేక్ పడితే తలకు దెబ్బ తగలదు.