గుర్రాన్ని లారీలో తెస్తున్నారా? ముందు ఆ తాడు సంగతి చూడండి

పోయిన వారం మా రావులపాలెం వైపు ఒక తెల్ల గుర్రం చచ్చిపోయింది. మాఘమాసం పెళ్లిళ్లకని రాజస్థాన్ నుంచి లారీలో తెచ్చారు. పదిహేను వందల కిలోమీటర్ల పైమాటే, మూడు రోజులు పట్టింది. దిగిన రోజు నీరసంగా ఉంటే బడలిక అనుకున్నారు. మర్నాడు ఉలవలు ముట్టలేదు. మూడో రోజు ఊరేగింపుకి తీసుకెళ్లారు. ఆరో రోజుకి ముక్కులోంచి కుళ్లు వాసన. నన్ను పిలిచేసరికే ఊపిరితిత్తుల చుట్టూ నీరు పట్టేసిందని డాక్టరు చెప్పారు.

“దిష్టి తగిలిందండి ఆయ్” అన్నాడు యజమాని. దిష్టీ కాదు, కోనసీమ మంచూ కాదు. లారీలో దాని తల పైకెత్తి, బిగించి కట్టారు. అంతే.

గుర్రం పొద్దస్తమానం తల వంచి మేసే జంతువు. తల కిందికి ఉంటేనే శ్వాసనాళంలో చేరిన చీమిడి, దుమ్ము బయటకి జారతాయి. దాని గొంతులో స్ట్రెప్టోకాకస్ లాంటి బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. అక్కడున్నంత వరకు ఏ గొడవా లేదు. తల ఎత్తి కట్టేస్తే అదంతా లోపలికి జారి, ఆరు నుంచి పన్నెండు గంటల్లోనే శ్వాసనాళంలో పెరగడం మొదలుపెడుతుంది. మనం కట్టేది మూడు రోజులు! పెళ్లి గుర్రాలు పెట్టుకున్న ఇరవై ఏళ్లలో నేనూ ఒకదాన్ని ఇలాగే పోగొట్టుకున్నాను. అప్పట్లో నేనూ చలిగాలినే తిట్టుకున్నాను.

ఎక్కించే ముందు

దగ్గు, ముక్కు కారడం, జ్వరం ఉంటే ఎక్కించకండి. ప్రయాణానికి పనికొస్తుందని డాక్టరు సర్టిఫికెట్ ఎలాగూ ఉండాలి, కానీ కాగితం చేతిలో ఉంది కదా అని వదిలేయక మీ ఎదురుగా థర్మామీటర్ పెట్టించండి. “ముందుజాగ్రత్తగా ఒక యాంటీబయాటిక్ పొడిపిద్దాం” అనే సలహా ఒకటి తిరుగుతోంది. తల కట్టేసి ఉంచితే ఆ ఇంజెక్షన్‌ని నమ్ముకోలేం.

దారిలో

తాడు వదులుగా కట్టించండి. ముక్కు మోకాలి దాకా దిగాలి. “వదిలితే కరుచుకుంటాయి, తాడులో కాలేసుకుంటాయి” అంటాడు డ్రైవరు. అతను చెప్పేది అబద్ధం కాదు. అందుకే రెండు గుర్రాల మధ్య అడ్డుగా వాసాలు కట్టించాలి గానీ తల ఎత్తి కట్టకూడదు. వాసాలకయ్యే ఖర్చు మీరే పెట్టుకోండి.

నాలుగైదు గంటలకోసారి ఆపి నీళ్లు పెట్టాలి. అయితే టీ తాగినంత సేపు తల వదిలితే లోపల చేరింది బయటకి రాదు. రాత్రికి ఎనిమిది, పది గంటలు కిందికి దించి, గడ్డి నేల మీద వేసి, తల వంచి మేయనివ్వాలి. ప్రయాణం ఒక రోజు పెరుగుతుంది, పెరగనివ్వండి. టార్పాలిన్ నలువైపులా బిగించకండి, మూత్రం ఘాటుకి ఊపిరితిత్తులు పాడవుతాయి.

దిగాక

గడ్డి నేల మీదే వెయ్యండి, ఎత్తున వేలాడదీయకండి. మళ్లీ తల ఎత్తించినట్టే.

తుపాను వానకి తడిసి ఎండిన వరిగడ్డి వద్దు. బూజు కంటికి కనబడకపోయినా వద్దు. మంచి గడ్డయినా తడిపి వెయ్యండి.

వారం పాటు పొద్దున్నా సాయంత్రం మలద్వారంలో థర్మామీటర్ పెట్టి, కాగితం మీద రాయండి. 99 నుంచి 101 ఫారెన్‌హీట్ మామూలే. 101.5 దాటితే ఆ రోజే డాక్టరు రావాలి. ఎవరూ దొరక్కపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్యండి.

డొక్క చూసి ఊపిరి లెక్కపెట్టండి. నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 8 నుంచి 16 ఉండాలి.

దగ్గు లేదు కదా అని ధీమాగా ఉండకండి. మొదట్లో చాలావాటికి దగ్గు రాదు.

ముందుకాళ్ల మోచేతులు బయటకి పెట్టి, కదలనని మొండికేసి నిలబడితే, పక్కటెముకల మీద చెయ్యి వేస్తే ముడుచుకుపోతే, అది ఛాతీ నొప్పి. మనవాళ్లు కడుపునొప్పి అనుకుంటారు. కడుపునొప్పయితే పడుకుని దొర్లుతుంది. ఇది పడుకోదు.

గొట్టంతో కషాయం పోయొద్దు. నూనె పోయొద్దు. తల ఎత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోవచ్చు.

డాక్టరు చూడకుండా నొప్పి ఇంజెక్షన్ వద్దు. జ్వరం దిగి, రోగం కనబడకుండా పోతుంది.

కాలువలోకి దింపొద్దు.

మందు మొదలుపెట్టాక, రెండు రోజులకి మేత తింటోందని ఆపేయొద్దు. వారాల తరబడి వాడాల్సి రావచ్చు.

జబ్బు గుర్రాన్ని గన్నవరం వెటర్నరీ కాలేజీకి అంటూ హడావిడిగా మళ్లీ లారీ ఎక్కించొద్దు. ముందు ఇక్కడి డాక్టరుని అడగండి. ఎక్కించక తప్పదంటే తాడు వదులుగా కట్టండి.

లారీవాడికి కిరాయి మొత్తం ముందే ఇవ్వొద్దు. ప్రతి మకాం నుంచీ తాడు కనబడేలా వీడియో పంపమనండి.

వారం లోపు ఊరేగింపుకి ఒప్పుకోవద్దు. అడ్వాన్స్ తీసుకున్నా తిరిగి ఇచ్చేయండి. నేను రెండుసార్లు ఇచ్చాను. ఒకసారి తిట్లు కూడా తిన్నాను. ఆ గుర్రం ఇప్పటికీ మా పాకలోనే ఉంది.